వినబడని ఉత్సాహం

లోకంలో కొలవలేనిదంటూ ఏదీ లేదని, కొలవడానికి బద్ధకించిన వాళ్ళే ఉన్నారని తేల్చి చెప్పిన ఘనత ఉత్సాహ నిర్ధారణ విభాగానిది. వానను కొలిచారు, జ్వరాన్ని కొలిచారు, భూకంపాన్ని కూడా కొలిచారు. కళల మీద మనిషికుండే ఉత్సాహం మాత్రం ఇన్ని వేల ఏళ్ళుగా ఎవరికి తోచినంత వాళ్ళు అనుభవిస్తూ, అడిగే నాథుడు లేకుండా పడి ఉంది. ఈ అరాచకానికి విభాగం స్వస్తి పలికింది. (పలికిన రోజున ఒక సభ కూడా పెట్టారు. ఉత్సాహం గురించి నలుగురు అధికారులు తలా గంటన్నర మాట్లాడారు.)

నిబంధనలు చాలా సులువు. కళాభవనంలో ఎవరైనా సొంత ప్రదర్శన ఇవ్వదలిస్తే, ముందుగా ఇతరుల కళ మీద తమకు ఉత్సాహం ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. సమకాలీన సంగీతానికి ఐదు వందల యూనిట్లు, సమకాలీన నాట్యానికి ఐదు వందలు, సమకాలీన చిత్రకళకు ఐదు వందలు. రెండు చేతులూ ఒకసారి చప్పుడుతో కలిస్తే ఒక యూనిట్. జేబులో ఫోను, ఫోనులో విభాగం వారి 'కరతాళం' యాప్ ఉంటే చాలు. అదే వింటుంది, అదే లెక్కేస్తుంది, అదే పై వాళ్ళకు చెబుతుంది.

నిబంధనల్లో రెండింటిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఏడోది: 'వినబడని ఉత్సాహం లేనట్టే భావించబడును.' పదకొండోది: 'ప్రదర్శన ముగిసిన గంటలోపు ఒక్క యూనిట్ అయినా నమోదు కానిచో, సదరు ప్రదర్శన జరగనట్టే పరిగణించబడును.' (పన్నెండోది ఏమిటో ఎవరికీ తెలియదు. అందరూ పదకొండో దాని దగ్గరే చదవడం మానేస్తారు.)

ఇక మన స్వరకర్త సంగతి. ఆయనకు యాభై రెండేళ్ళు. కొత్త కళ అంటే చెవి కోసుకుంటాడు. (వృత్తిరీత్యా అది ఆయనకు నష్టమే అయినా.) ఊళ్ళో ఎవరు కొత్తగా ఏం చేసినా మొదటి వరుసలో, కుడి నుంచి మూడో కుర్చీలో ఆయన ఉంటాడు. నలుగురు ఆడవాళ్ళు తడి వేళ్ళతో గాజు గ్లాసుల అంచులు రుద్ది నలభై నిమిషాలు సాగించిన కచేరీకి వెళ్ళాడు. ఒకాయన గంటసేపు కదలకుండా నిలబడి, చివరికి ఎడమ భుజం మాత్రం కిందికి దించిన నాట్యానికి వెళ్ళాడు. గది నిండా తడి దుప్పట్లు వేలాడదీసిన చిత్రకళా ప్రదర్శనకు మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారికి దుప్పట్లు ఆరిపోయాయని రెండు రోజులు దిగులుపడ్డాడు.

ఆయనది కింది వాటా, అక్కా బావలది పై వాటా. భోజనం మాత్రం పైనే. చూసొచ్చిన ప్రతిదాన్నీ భోజనాల బల్ల దగ్గర గరిటె, పళ్ళెం, నీళ్ళ చెంబు సాయంతో మళ్ళీ చేసి చూపించేవాడు.

"ఆ భుజం అలా దిగుతుంటే బావా, నా ఊపిరి కూడా దాంతోపాటే దిగింది!"

"నీ చేతిలో గరిటె కూడా దించు బావమరిదీ. కూర అందరికీ కావాలి," అనేవాడు బావ.

బావ చిత్రకారుడు. ఆయన బొమ్మల్లో ఏముందో ఆయన కూడా చెప్పడు, అదేమంటే చూడమంటాడు. బొమ్మల మీద ఇల్లు గడవదు గనక కళాభవనానికి బోర్డులు రాసిపెడుతుంటాడు. అక్క నర్తకి. ఆమెకు యాభై ఎనిమిది. కుడి మోకాలికి మాత్రం ఎనభై దాటాయని డాక్టరు అన్నాడు.

ఆ మోకాలే ఈ కథకు మూలం. ఇరవై ఒకటో తేదీన ఆపరేషన్. "తర్వాత హాయిగా నడుస్తారమ్మా. డాన్సు మాట మాత్రం నా ముందు ఎత్తొద్దు," అని డాక్టరు ముందే చెప్పేశాడు. కళాభవనంలో పదిహేడో తేదీ సాయంత్రం ఖాళీ ఉంది. అక్క ఆఖరిసారి ఆడటానికి మిగిలిన రోజు అదొక్కటే.

కళాభవనంలో మేడ మెట్ల పక్కన ఒక గోడ ఉంది. ఆ వేదిక మీద ఆఖరి నాట్యం చేసినవాళ్ళ పేర్లు దాని మీద తెల్ల రంగుతో రాస్తారు. పైనుంచి నాలుగో పేరు అక్కకు నాట్యం నేర్పిన గురువుగారిది. దాని కిందవన్నీ బావ చేతిరాతే. చిట్టచివరి పేరు కింద బావ రెండు జానల ఖాళీ వదిలి, పక్కన ఇంకో వరుస మొదలుపెట్టాడు. ఆ ఖాళీ ఎవరి కోసమో ఎవరూ అడగలేదు. అక్క ముప్పై నాలుగేళ్ళుగా ఆ మెట్లెక్కి దిగుతోంది. ఆ గోడ వైపు ఎప్పుడూ చూడనట్టే నడిచేది. చూడనట్టు నడవడానికి ఎంత శ్రమపడేదో తమ్ముడికి తెలుసు.

అందుకని ఆమె కోసం ఆయన ఒకటి రాశాడు. పేరు 'ఆగిన తర్వాత'. ముప్పై ఒక్క నిమిషాలు. ఒక చెల్లో (వయొలిన్‌కు పెద్దన్న లాంటిది), ఒక మద్దెల, ఒక కంచు పళ్ళెం. అక్క ఆడుతుంటే వెనక బావ చీపురును నీళ్ళలో ముంచి పెద్ద నల్లగుడ్డ మీద గీస్తుంటాడు. గీసినవి గీసినట్టే ఆరి మాయమవుతుంటాయి. చివర్లో అక్క పైకెత్తిన మడమను చప్పుడు లేకుండా నేలకు ఆనిస్తుంది. ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ ఉండదు. ఆ ఒక్క నిమిషం రాయడానికే ఆయనకు నాలుగు నెలలు పట్టింది.

రచన ఆయనది గనక ధ్రువపత్రం కూడా ఆయనే, పదో తేదీ సాయంత్రం ఐదింటిలోపు చూపించాలి. ఇది తనలాంటి వాళ్ళ కోసమే పెట్టిన నిబంధన అనుకుని, స్వరకర్త ఒకటో తేదీన ఈల వేసుకుంటూ విభాగానికి వెళ్ళాడు.

మూడో కిటికీ మేడమ్ మంచి మనిషి. ఎవరొచ్చినా కూర్చోమంటుంది. (కిటికీ ముందు కుర్చీ లేకపోవడం ఆమె తప్పు కాదు.) ఆయన నంబరు కొట్టి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"మూడేళ్ళలో రెండు వందల పన్నెండు ప్రదర్శనలకు వెళ్ళారండీ! మా దగ్గర ఇంకెవరూ లేరు ఇలా."

స్వరకర్త వినయంగా తలవంచుకున్నాడు.

"యూనిట్లు సున్నా."

"సున్నా ఏంటి మేడమ్?"

"సున్నా అంటే సున్నానే అండి. ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. రెండు వందల పన్నెండు సార్లూ నిద్రపోయినట్టు నమోదైంది."

"నిద్రా? నేను కళ్ళు మూసుకుని వింటానండీ!"

"నాట్యం కూడానా?"

స్వరకర్త కిటికీ అద్దం దగ్గరికి వంగాడు. ఆ తర్వాత, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి, అద్దంలో ఉన్న చిన్న చిల్లులోంచి ఆమెకు చెప్పాడు. ఆయనకు ఆరేళ్ళప్పుడు, పన్నెండేళ్ళ అక్క వసారాలో సాధన చేస్తుంటే, పక్కన కూర్చుని కంచు పళ్ళెం మీద చెంచాతో తాళం వేసేవాడు. అక్క పాదం ఆగేది. పళ్ళెం మాత్రం ఇంకా మోగుతుండేది. ఆయన దాన్ని అరచేత్తో ఆపబోతే అక్క ఒకసారి చెయ్యి పట్టుకుంది. 'ముట్టుకోకురా. దానంతటదే పోనీ.' అప్పట్నుంచి ఆయన దేన్నీ ముట్టుకోలేదు.

"పాట అయిపోయాక కూడా కాసేపు గదిలోనే ఉంటుందండీ. చప్పట్లు కొడితే లేచి వెళ్ళిపోతుంది. అందుకని నేను కొట్టను. అంతే తప్ప..."

మేడమ్ చాలా శ్రద్ధగా విని కలం అందుకుంది. "ఎక్కడికి వెళ్ళిపోతుందండీ? అడ్రసుంటే రాసుకుంటాను."

ఏడో నిబంధన అద్దం మీదే అంటించి ఉంది. దాని పక్కన ఒక ఫొటో. మెడలో దండతో, తప్పిపోయి వచ్చిన మనిషిలా బిత్తరచూపులు చూస్తున్న ఒకాయన. కింద 'ఉత్తమ ఉత్సాహి, మూడు కళల్లోనూ ప్రథముడు, 41,306 యూనిట్లు' అని ఉంది.

"ఈయన ఎవరండీ?"

"కళాభవనంలో కుర్చీలు వేస్తారండీ. ఆయన్ని చూసి నేర్చుకోవాలి మనందరం," అంది మేడమ్ నిజమైన గౌరవంతో.

మిగిలినవి తొమ్మిది రోజులు. స్వరకర్త ముందుగా చిత్రశాలకు వెళ్ళి, ఒక నీలం రంగు చిత్రం ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. పదకొండోసారి కొట్టేసరికి కాపలాదారు వచ్చి గోడ మీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు చూపించాడు. ఆ బోర్డు నిశ్శబ్ద పరిరక్షణ విభాగం వారిది. వారి కార్యాలయం ఉత్సాహ విభాగం ఉన్న వసారాలోనే ఐదో కిటికీ. నిశ్శబ్ద భంగం కింద ఆయనకు నోటీసు ఇచ్చారు. ఉత్సాహం కోసమే చప్పుడు చేశానని ఆయన మొత్తుకుంటే, ఉత్సాహాన్ని చిత్రశాల బయటికి వెళ్ళి వ్యక్తం చేసుకోమన్నారు. బయట చిత్రాలు లేవు. (మూడో కిటికీ వాళ్ళూ, ఐదో కిటికీ వాళ్ళూ ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతారు. ఫైళ్ళు మాత్రం కలవవు.)

ఆ సాయంత్రం ఒక అమ్మాయి చెల్లో కచేరీ ఉంది. తను సొంతంగా కట్టుకున్న స్వరరచన, మొదటిసారి నలుగురి ముందు వాయిస్తోంది. తీగ మీద కమాను ఆనీ ఆననట్టు, శ్వాస కన్నా కొంచెం ఎక్కువగా, అంతే. స్వరకర్తకు ఒళ్ళంతా పులకరించింది. కళ్ళు మూసుకోబోయి, ఫోను గుర్తొచ్చి, చప్పట్లు మొదలుపెట్టాడు. ముప్పై ఏడు కొట్టేసరికి ఆ అమ్మాయి కమాను ఆపేసింది.

"బాగాలేదా అండీ?" అంది చిన్నగా.

ఆయన చేతులు రెండూ ఒళ్ళో దాచుకున్నాడు. మిగతా కచేరీ అంతా తల దించుకునే కూర్చున్నాడు. చేసిన పనికి సిగ్గుతో చచ్చిపోయాడు.

"అక్కా, ఇవాళ చప్పట్లు కొట్టాను," అన్నాడు ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి.

అక్క మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. "ఎన్ని?"

"ముప్పై ఏడు."

"అయిపోయాకా, మధ్యలోనా?"

"మధ్యలో."

అక్క సంచీ పక్కన పెట్టింది. "ఒరేయ్, నా కోసం ఇంకో పిల్ల పాట పాడుచేస్తావురా? గోడ లేకపోతే పీడాపోయె. నేను ఈ వసారాలోనే ఆడతాను, నువ్వూ మీ బావా చూడండి. చాలదూ?"

చాలదని ముగ్గురికీ తెలుసు. అక్క సంచీ మళ్ళీ మోకాలి మీదికి లాక్కుంది. బ్రష్షులు కడుక్కుంటున్న బావ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆ కుర్చీలాయన ఒక్క ప్రదర్శన కూడా చూసి ఎరగడు బావమరిదీ. నలభై వేలు ఎలా వచ్చాయో కనుక్కోరాదూ?"

కుర్చీలాయన స్టోర్ రూములో స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. స్వరకర్త వచ్చిన పని చెప్పగానే తల పట్టుకున్నాడు.

"నాకేం తెలుసండీ! పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే కూర్చుంటాను. లోపల అయిపోతుంది, జనం వెళ్తారు, నేనెళ్ళి కుర్చీలు మడుస్తాను. సిబ్బందికి కూడా తప్పదని ఈ ఫోను జేబులో పెట్టారు. ఒకరోజు పిలిచి దండేశారు. ఎందుకండీ అంటే, అణకువ కూడా ఉంది అన్నారు."

అప్పుడు ఆయన లేచి వెళ్ళి ఒక కుర్చీ మడిచాడు. చెక్కలు రెండూ ఒకదానికొకటి తగిలి 'ఫట్' మంది. జేబులో ఫోను సంతోషంగా కిర్రుమంది. ఒక యూనిట్.

అలా నాలుగు సాయంత్రాలు, ఏ ప్రదర్శన ముగిసినా, స్వరకర్త చొక్కా చేతులు మడిచి కుర్చీలు మడిచాడు. కచేరీ హాల్లోవి సంగీతం కింద, నాట్యశాలలోవి నాట్యం కింద, చిత్రశాల పక్క ఉపన్యాసాల గదిలోవి చిత్రకళ కింద నమోదయ్యాయి. (ఐదో కిటికీ వారికి కుర్చీలు మడిచే చప్పుడు మీద అభ్యంతరం లేదు. అది ఫర్నిచర్ విభాగం పరిధి.)

మొదటి రోజు ఆయన దొంగతనానికి వచ్చినవాడిలా మడిచాడు. రెండో రోజుకు చెవి మేల్కొంది.

"ఈ వరుస గొంతు వేరేగా ఉందే?"

"అవి పాత టేకువండీ, గట్టిగా పలుకుతాయి. వెనకవి కొత్తవి, మూలుగుతాయి. ఆ చివరి దానికి మేకు ఊడింది. ముందు కిర్రుమని, ఆలోచించుకుని, అప్పుడు ఫట్ మంటుంది."

స్వరకర్త ఆ చివరి కుర్చీని తొమ్మిదిసార్లు మడిచాడు. తర్వాత నేల మీద చతికిలబడి పుస్తకం తీసి గబగబా రాసుకోసాగాడు. ఆ మూడేళ్ళలో ఆయనకు ఏ కచేరీలోనూ కలగనంత ఆనందం కలిగింది. కుర్చీలాయన జాలిగా చూశాడు.

"రాసుకుంటూ కూర్చుంటే యూనిట్లు రావండీ."

తొమ్మిదో తేదీకి పదిహేను వందలు దాటాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. పదో తేదీన ధ్రువపత్రం చేతికొచ్చింది. 'పై వ్యక్తికి సమకాలీన సంగీత, నాట్య, చిత్రకళల పట్ల ప్రథమశ్రేణి ఉత్సాహం కలదు. ప్రత్యేక లక్షణం: సదరు ఉత్సాహం వరుసల వారీగా వ్యక్తమగును.' మేడమ్ అభినందిస్తూ చెయ్యి కలపబోయి, బొబ్బలు చూసి, "ఎంత కొట్టారండీ పాపం!" అని కళ్ళు తడి చేసుకుంది.

పదిహేడో తేదీ వచ్చింది. కళాభవనంలో రెండు వందల ఇరవై కుర్చీలూ నిండాయి. విధినిర్వహణలో భాగంగా మూడో కిటికీ మేడమ్ మూడో వరుసలో కూర్చుంది. ఆ చెల్లో అమ్మాయే ఈ చెల్లో కూడా వాయించింది. స్వరకర్త ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాడు, ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది: ఆయన మొదటి వరుసలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. కుర్చీలాయనను కూడా స్వరకర్త పిలిచాడు. "ఒక్కసారి ముందునుంచి చూడండి." "నాకు పనుందండీ," అన్నాడాయన. కానీ దీపాలు తగ్గాక స్టోర్ రూము తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

అక్క ఆడింది. మోకాలు నొప్పి పెట్టే చోటల్లా తమ్ముడు ముందే స్వరం నెమ్మదించి పెట్టాడు. ఆ నెమ్మదిలో ఆమె చేతులు, మెడ, కళ్ళు ఆడాయి. వెనక బావ చీపురుతో నీటి గీతలు గీస్తున్నాడు. ఒక భుజం గీత, ఒక జడ గీత, పన్నెండేళ్ళ పిల్ల ఎగిరినట్టు ఒక వంపు గీత. ఆమె అటు తిరిగి చూసేలోపు అవి ఆరిపోతున్నాయి. ముప్పయ్యో నిమిషంలో చెల్లో ఆగింది, మద్దెల ఆగింది. కంచు పళ్ళెం మీద ఒక్క దెబ్బ పడింది. అక్క పైకెత్తిన మడమను, పడుకున్న పిల్లాడి పక్కన ఏదో పెట్టినంత మెల్లగా, నేల మీద పెట్టింది.

ఆ తర్వాత నిమిషం గడిచింది. రాసిన నిమిషం అయిపోయింది. రెండో నిమిషం రాయలేదు, అదే వచ్చింది. హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు.

స్వరకర్తకు పదకొండో నిబంధన గుర్తొచ్చింది. ఒక్క యూనిట్ చాలు. గోడ మీద రెండు జానల ఖాళీ, ముప్పై నాలుగేళ్ళు చూడనట్టు నడిచిన మనిషి... ఒక్కసారి చేతులు కలిపితే చాలు. ఆయన చేతులు విప్పి పైకెత్తాడు కూడా. వేదిక మీద అక్క కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వింటోంది. పళ్ళెం ఇంకా మోగుతూనే ఉంది. 'ముట్టుకోకురా. దానంతటదే పోనీ.' ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

జనం లేచి, పసిబిడ్డ నిద్రపోతున్న గదిలోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక కుర్చీలాయన ముందుకొచ్చి, మొదటి కుర్చీ మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే నిలబడ్డాడు. పావుగంట అయింది, అరగంట అయింది, గంట అయింది. కుర్చీ మడవలేదు.

"ఏమైందండీ?" అన్నాడు స్వరకర్త.

"ఇప్పుడే కదండీ ఆగింది. కాసేపుండనిద్దామని."

ఇరవయ్యో తేదీ పొద్దున ఉత్తర్వు వచ్చింది. 'పదిహేడో తేదీన కళాభవనంలో ఏ ప్రదర్శనా జరగలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కావున ఆఖరి నాట్యపు గోడపై పేరు నమోదు చేయుటకు వీలుపడదు.' స్వరకర్త చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మూడో కిటికీకి పరిగెత్తాడు.

"మేడమ్, మీరు అక్కడే ఉన్నారు! మూడో వరుసలో కూర్చున్నారు! ఏడ్చారు కూడా, నేను చూశాను."

"ఏడ్చానండీ," అంది మేడమ్. ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "కానీ దానికి కాలమ్ లేదు. పై వాళ్ళకు రాశాను. కన్నీళ్ళు వినబడవు కాబట్టి ఏడో నిబంధన కిందికి వస్తాయన్నారు."

"ఒక్కసారి చప్పట్లు కొట్టి ఉండొచ్చు కదండీ మీరు..." అనేశాడు ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నాకు చేతులు రాలేదండీ," అంది ఆమె. "మీకొచ్చాయా?"

ఆపరేషన్ బాగానే జరిగింది. అక్క ఇంటికొచ్చి కాలు తలగడ మీద పెట్టుకుని పడుకుంది. ఆ వారంలోనే విభాగం వారు గోడను తనిఖీ చేసి, పేర్ల మధ్య అనుమతి లేని ఖాళీ ఒకటి ఉన్నట్టు కనిపెట్టారు. అందులో ఎవరూ ఏదీ రాయకుండా 'ఇక్కడ రాయరాదు' అని రాయమని బావకు ఉత్తర్వు ఇచ్చారు. బావ వెళ్ళి రాసొచ్చాడు. ఆ గోడ మీద అంత అందమైన అక్షరాలు ఇంకో చోట లేవని చూసినవాళ్ళంతా అంటారు.

"పేరు మీద ఆశ లేదనను," అంది అక్క, తమ్ముడి మొహం చూసి. "ఉంది. రాత్రి ఏడ్చాను కూడా. కానీ ఒరేయ్, నువ్వు గనక ఆ పూట చప్పట్లు కొట్టి ఉంటే, ఈ జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు."

ఆ మధ్యాహ్నమే కుర్చీలాయన చేతిలో ఒక కాగితంతో మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అక్కకు దూరంనుంచే దణ్ణం పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయనకు వచ్చిన మొదటి మెమో అది. పదిహేడో తేదీన ఆయన ఉత్సాహం సున్నాకు పడిపోయినందుకు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. కాగితాల భాష తనకు రాదని, కాస్త రాసిపెట్టమని అడిగాడు.

స్వరకర్త ఆవేశంగా కలం తీసి, నిబంధనల నంబర్లతో సహా రెండు పేజీలు రాశాడు. కుర్చీలాయన ఓపిగ్గా అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"అంతొద్దండీ. జరిగింది రాయండి చాలు. 'ఆ రోజు నేను నాట్యం చూశాను' అని."

స్వరకర్త ఆ ఒక్క వాక్యమే రాసి ఇచ్చాడు. అక్క ఆ కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. మోకాలు నొప్పన్నట్టు మొహం గోడవైపు తిప్పుకుంది. కుర్చీలాయన కింద సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చప్పుడు కాకుండా జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

విభాగం ఆ సంజాయిషీని క్షుణ్ణంగా పరిశీలించింది. సదరు తేదీన ప్రదర్శన ఏదీ జరగలేదు కాబట్టి, ఆయన చూసినదాన్ని కల కింద లెక్కగట్టి, విధుల్లో నిద్రపోయినట్టు నమోదు చేసింది.